సినిమా ఆగలేదు

'ది బ్లూ ఏంజెల్' సినిమా చివరికొచ్చేసరికి ఒక గుడ్డు పగులుతుంది. ఒకప్పుడు ఊరి బడిలో పిల్లల్ని గడగడలాడించిన ప్రొఫెసర్ రాత్ ఇప్పుడు మొహానికి రంగు పూసుకున్న జోకరు. తన సొంత ఊళ్లో, తనను ఎరిగిన జనం ముందు, స్టేజీ మీద నిలబడి ఉంటాడు. పక్కన కీపెర్ట్ అనే ఇంద్రజాలికుడు, కొండంత మనిషి. గుడ్డు పుట్టించి ప్రొఫెసర్ తల మీద పగలగొడతాడు. కోడిలా కూయమంటాడు. హాలంతా గొల్లున నవ్వుతుంది.

ఈ సినిమా 1930లో వచ్చింది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ ముసలాయన మొహమే చూశాను. రెండోసారి ఆ ఇంద్రజాలికుణ్ని చూశాను, ఎంత బాగా చేశాడీయన అనుకుంటూ. ఇప్పుడు చూస్తే మాత్రం నా కళ్లు హాల్లో కూర్చున్న జనం మీదికే పోతున్నాయి. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, ఒక మనిషి పరువు పోతుంటే పొట్ట చేత పట్టుకుని నవ్వే ఆ జనం మీదికి.

ప్రొఫెసర్ వేషం వేసింది ఎమిల్ యానింగ్స్, ఉత్తమ నటుడిగా మొట్టమొదటి ఆస్కార్ అందుకున్నవాడు. ఆ సినిమాలో పాటలు పాడే పిల్ల మార్లీన్ డీట్రిష్. గుడ్డు పగలగొట్టిన ఇంద్రజాలికుడు కుర్ట్ గెరాన్. ఈ ముగ్గురూ ఒకే సెట్లో, ఒకే లైట్ల కింద పనిచేశారు. తరువాత డీట్రిష్ అమెరికా పౌరసత్వం తీసుకుని, హిట్లర్‌తో పోరాడే సైనికుల కోసం యుద్ధరంగాల్లో పాడింది. యానింగ్స్ జర్మనీలోనే ఉండి 1941లో 'ఓమ్ క్రూగర్' అనే నాజీ ప్రచార చిత్రానికి హీరో అయ్యాడు. గెరాన్ 1944 అక్టోబరులో ఆష్‌విట్జ్ గ్యాస్ గదిలో చనిపోయాడు. వయసు 47.

ఆయన్ను చంపినవాళ్ల గురించి చెప్పడానికి నేను ఈ వ్యాసం మొదలుపెట్టలేదు. వాళ్ల గురించి ప్రపంచానికి తెలుసు. ఆయన్ను ప్రేమించినవాళ్ల గురించి మాట్లాడాలని ఉంది. ఆయన నవ్విస్తే నవ్వినవాళ్లు, ఆయనతో కలిసి భోంచేసినవాళ్లు, ఆయన 'షాట్ రెడీ' అంటే పరిగెత్తినవాళ్లు. అంటే మనలాంటివాళ్లు.

గెరాన్ 1897 మే 11న బెర్లిన్‌లో ఒక యూదు వ్యాపారి ఇంట్లో పుట్టాడు. అసలు పేరు కుర్ట్ గెర్సన్. డాక్టరు కావాలని వైద్యవిద్యలో చేరాడు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనీ తరఫున యుద్ధానికి వెళ్లాడు, తీవ్రంగా గాయపడ్డాడు. కోలుకున్నాక సైన్యంలోనే వైద్యసేవ చేశాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ తరువాత పదిహేనేళ్లకు ఆయన్ని 'పరాయివాడు' అన్న దేశం కోసమే ఆయన నెత్తురు కార్చాడు.

యుద్ధం అయ్యాక స్టెతస్కోపు పక్కన పెట్టి స్టేజీ ఎక్కాడు. గాయాల తరువాత ఒళ్లు విపరీతంగా పెరిగింది. ఆ ఒంటినే వేషంగా మార్చుకున్నాడు. మూకీ సినిమాల్లో రౌడీలు, హోటలు యజమానులు, సిగారు తాగే మోసగాళ్లు, దొంగ డాక్టర్లు అన్నీ ఆయనకే వచ్చేవి. రాత్రుళ్లు బెర్లిన్ కబరే వేదికల మీద పాడేవాడు.

1928 ఆగస్టు 31 రాత్రి బెర్లిన్‌లోని షిఫ్‌బావర్‌డామ్ థియేటర్లో 'త్రీపెన్నీ ఒపెరా' మొదటి ప్రదర్శన. నాటకం బ్రెక్ట్‌ది, సంగీతం కుర్ట్ వైల్‌ది. నాటకం మొదలుకాగానే ఒక వీధిగాయకుడు వచ్చి మాకీ అనే హంతకుడి కథ పాడతాడు. జర్మనీ సంతల్లో ఒకప్పుడు ఇలాంటి గాయకులుండేవారు. బొమ్మలేసిన గుడ్డ వేలాడదీసి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ హత్యల కథలు, దొంగల కథలు పాడేవారు. మన చేర్యాల పటం ముందు నిలబడి కాకిపడగలవాళ్లు కథ చెప్తారే, చూసినవాళ్లకు అది వెంటనే తడుతుంది. ఆ పాట ఆ రాత్రి పాడింది గెరానే. 'మాక్ ద నైఫ్' పేరుతో తరువాత ప్రపంచమంతా పాడుకున్న పాట మొదట జనం చెవిన పడింది ఆయన గొంతులోనే. అదే నాటకంలో పోలీసు అధికారి టైగర్ బ్రౌన్ కూడా ఆయనే.

ఆ తరువాత దర్శకుడయ్యాడు. ఆనాటి జర్మనీలో అతి పెద్ద సినిమా సంస్థ ఉఫాలో వరసగా సినిమాలు తీశాడు. హాన్స్ ఆల్బర్స్ లాంటి పెద్ద స్టార్ ఆయన దర్శకత్వంలో నటించాడు. ముప్పై ఐదేళ్ల వయసుకే ఇల్లు, డబ్బు, పేరు, వీధిలో కనపడితే చేతులూపే జనం. 1933 మొదలయ్యే నాటికి కుర్ట్ గెరాన్‌కు లేనిది లేదు.

ఇప్పుడు ఆ నాలుగైదు రోజుల దగ్గర కాసేపు ఆగాలి.

1933 మార్చి 28న బెర్లిన్‌లోని కైజర్‌హోఫ్ హోటల్లో సినిమావాళ్లను పిలిపించి హిట్లర్ ప్రచారమంత్రి గోబెల్స్ ప్రసంగించాడు. మన పత్రికల్లో 'గోబెల్స్ ప్రచారం' అన్న మాట రోజూ కనపడుతుంది, పార్టీలు ఒకదాని మీద ఒకటి విసురుకుంటాయి. ఆ పేరు గల మనిషి ఆ సాయంత్రం చేసింది సినిమా పరిశ్రమను కూర్చోబెట్టి కొత్త గాలి ఎటు వీస్తోందో చెప్పడం. మర్నాడు, మార్చి 29న, ఉఫా బోర్డు సమావేశమై యూదు నటుల, దర్శకుల, సిబ్బంది కాంట్రాక్టులు రద్దు చేయాలని తీర్మానించింది. 'ది బ్లూ ఏంజెల్' నిర్మించిన ఎరిక్ పొమ్మర్ పేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కింది. ఆ సంస్థకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటాడు.

అప్పటికి యూదుల్ని ఉద్యోగాల్లోంచి తీసేయమనే చట్టం ఏదీ లేదు. అలాంటి మొదటి చట్టం ఏప్రిల్ 7న వచ్చింది, అదీ ప్రభుత్వోద్యోగాలకు. ఉఫా బోర్డులో కూర్చున్న పెద్దమనుషుల తల మీద ఎవరూ తుపాకీ పెట్టలేదు. చట్టం అడగకముందే, పై మనిషి కళ్లలోకి చూసి, ఆయనకేం కావాలో కనిపెట్టి, అడిగినదానికన్నా ఎక్కువ పట్టుకెళ్లి ఇచ్చారు. నన్ను ఈ కథలో అన్నిటికన్నా భయపెట్టేది ఈ ముందస్తు విధేయత.

ఏప్రిల్ 1న దేశమంతా యూదుల దుకాణాల బహిష్కరణ. ఆ రోజుల్లో గెరాన్ 'కింద్, ఇష్ ఫ్రాయె మిష్ ఆఫ్ దైన్ కొమ్మెన్' అనే హాస్యచిత్రం తీస్తున్నాడు. సినిమా సగంలో ఉండగా ఆయన్ను సెట్లోంచి పంపేశారు. దర్శకుడు, తన సెట్లోంచి, తన కెమెరా ముందు నుంచి నడిచి బయటికి పోవాల్సి వచ్చింది.

సినిమా ఆగలేదు. ఎరిక్ ఫాన్ నాయ్‌సర్ అనే ఆయన చేత మిగతాది పూర్తి చేయించారు. ఆ ఏడాదే విడుదలైంది. జనం టిక్కెట్లు కొన్నారు, చూశారు, నవ్వారు.

'తిలాపాపం తలా పిడికెడు' అని మనవాళ్లు అంటారు. ఈ సామెతను మనం తేలిగ్గా వాడేస్తాం, నవ్వుతూ. కానీ ఒక మనిషిని దేశం ఎలా వదిలించుకుంటుందో ఇంతకన్నా బాగా చెప్పిన మాట నాకు ఏ భాషలోనూ తగల్లేదు. సెట్లో ఎంతమంది ఉండి ఉంటారు? కెమెరామన్, అతని అసిస్టెంట్లు, లైట్లవాళ్లు, మేకప్‌వాళ్లు, కుట్టుపనివాళ్లు, వడ్రంగులు, ప్రొడక్షన్ మేనేజరు, హీరో, హీరోయిన్. వాళ్లలో గెరాన్ మీద పగ ఉన్నవాళ్లు ఎందరుంటారు? ఒకరో ఇద్దరో. మిగతావాళ్లంతా ఆయన బాగు కోరేవాళ్లే అయ్యుంటారు. కొందరికి గొంతు పట్టేసి ఉంటుంది. ఇంటికెళ్లి భార్యతో చెప్పుకుని ఉంటారు. పొద్దున్నే మళ్లీ పనికి వచ్చారు. లైటు ఎప్పుడూ పెట్టే చోటే పెట్టారు. అందరూ కలిసి 'ఆయన లేకుండా ఈ సినిమా చెయ్యం' అనాల్సిన రోజు అదొక్కటే. ఆ రోజు అలా అంటే ఎవరి ప్రాణమూ పోదు, మహా అయితే ఉద్యోగం పోతుంది. పదకొండేళ్ల తరువాత అనాలంటే ప్రాణమే ఇవ్వాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

గెరాన్ భార్య ఓల్గాతో పారిస్ వెళ్లాడు, వియన్నా వెళ్లాడు, 1935 నాటికి హాలండ్ చేరాడు. అక్కడ డచ్ భాషలో సినిమాలు తీశాడు. డిస్నీ 'స్నో వైట్' డచ్ డబ్బింగ్ కూడా ఆయన చేతుల మీదుగానే జరిగింది. కొత్త భాష, కొత్త జనం, అయినా మళ్లీ నిలదొక్కుకున్నాడు. హాలీవుడ్‌కు రమ్మని మిత్రులు పిలిచారని చెప్తారు. వెళ్లలేదు. బతుకు కుదుటపడిందనుకున్న మనిషి ఇంకో సముద్రం దాటి మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో, ఊరు విడిచి పరదేశంలో బతుకుతున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1940 మే నెలలో జర్మన్ సైన్యం హాలండ్‌లోకి దిగింది.

ఆ ఏడాదే బెర్లిన్‌లో ఇంకో పని జరిగింది. యూదుల మీద ద్వేషం రగిలించడానికి నాజీలు 'డెర్ ఎవిగె యూడె' అనే సినిమా తీసి థియేటర్లలో ఆడించారు. అందులో గెరాన్ పాత సినిమాల ముక్కలు అతికించారు. వేషం కోసం ఆయన చేసిన వికారపు చూపుల్ని, వెకిలి నవ్వుల్ని తీసి 'యూదులంటే ఇదీ' అని చూపించారు. ఒకప్పుడు ఏ మొహం చూసి చప్పట్లు కొట్టారో అదే మొహాన్ని అసహ్యించుకోమని జనానికి చెప్పారు. తెర మీద పాత్ర వేరు, మనిషి వేరు అని సినిమా చూసే ప్రతివాడికీ తెలుసు. విలన్ వేషం వేసినాయన ఇంట్లో దేవుడని మనమే చెప్పుకుంటాం. ఆ మామూలు తెలివి కూడా ఆ హాళ్లలో ఎటు పోయింది?

ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదు కళాకారులు ఇక యూదు ప్రేక్షకుల కోసమే ఆడాలన్నారు. హాలండ్‌షె షౌబుర్గ్ అనే పాత నాటకశాలను అందుకు కేటాయించారు. గెరాన్ అక్కడ ఆడాడు. 1942 వేసవిలో ఆ నాటకశాలనే యూదుల్ని పట్టి తెచ్చి పోగేసే చోటుగా మార్చారు. కుర్చీలు తీసేశారు. నిన్నటి దాకా తాళం వినపడ్డ హాల్లో మూటాముల్లెలతో జనం నేల మీద పడుకున్నారు. ఆ నాటకశాల సంగతి మళ్లీ చెప్తాను.

గెరాన్ తల్లిదండ్రులను 1943లో సోబిబోర్‌కు పంపి చంపేశారు. అదే ఏడాది ఆయన్ను, ఓల్గాను వెస్టర్‌బోర్క్ శిబిరానికి పంపారు. అక్కడ మంగళవారం మంగళవారం తూర్పుకు, హత్యాశిబిరాల వైపు రైలు కదిలేది. పొద్దున రైలెక్కినవాళ్ల కుర్చీలు సాయంత్రానికి ఖాళీ. ఆ సాయంత్రాలే శిబిరంలో కబరే ప్రదర్శనలు ఉండేవి. బెర్లిన్‌లో ఒకప్పుడు జనం ఎగబడి చూసిన హాస్యనటులు, పాటల రచయితలు అక్కడ ఖైదీలుగా నవ్వించారు. నవ్విస్తే ఇంకో వారం బతకొచ్చన్న ఆశ. 1944 ఫిబ్రవరిలో గెరాన్‌ను అక్కడి నుంచి చెక్ గడ్డ మీద ఉన్న తెరేజిన్‌స్టాట్‌కు తరలించారు.

తెరేజిన్‌స్టాట్ పాతకాలపు కోట ఊరు. దాన్ని నాజీలు లోకానికి చూపించే షోకేసుగా తయారుచేశారు. అక్కడికి పంపినవాళ్లు 1,40,000 మందికి పైనే. సుమారు 33,000 మంది అక్కడే ఆకలితో, రోగాలతో పోయారు. 88,000 మంది దాకా అక్కడి నుంచి తూర్పు రైళ్లెక్కారు. 1944 జూన్ 23న అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధి, డేనిష్ ప్రతినిధులు చూడ్డానికి వస్తున్నారంటే నెలల ముందు నుంచే గోడలకు సున్నాలు వేశారు, పూలమొక్కలు నాటారు, పిల్లలకు ఆటస్థలం కట్టారు. ఊరు ఇరుకుగా కనపడకూడదని మే నెలలో మూడు రోజుల్లో 7,503 మందిని ఆష్‌విట్జ్‌కు పంపేశారు.

రెడ్‌క్రాస్ తరఫున వచ్చిన స్విస్ యువకుడు మారిస్ రొస్సెల్ నాజీలు గీసిన దారి వెంటే నడిచాడు. ఫొటోలు తీసుకున్నాడు. ఊరు మామూలుగానే ఉందని రిపోర్టు రాశాడు. నాజీ అధికారి జేబులోంచి చేపల డబ్బా తీసి ఇస్తే, 'మళ్లీ ఇవేనా మామా' అనమని పిల్లలకు ముందే నేర్పారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. రొస్సెల్ ఏ తలుపూ తట్టలేదు, దారి తప్పి పక్కసందులోకి తొంగి చూడలేదు. ఆయన చెడ్డవాడని నేననను. చూపించింది చూసి వెళ్లిపోయాడు. మనలో చాలామందిమి రోజూ చేసేది అదే.

ఇక ఆ సినిమా సంగతి. తనిఖీ గట్టెక్కింది కదా, అదే అబద్ధాన్ని తెరకెక్కించాలనుకున్నారు నాజీ అధికారులు. దర్శకత్వం గెరాన్‌కు అప్పగించారు. 1944 ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 11 దాకా షూటింగ్. కెమెరాలు తెచ్చింది ప్రాగ్‌లోని ఒక న్యూస్‌రీల్ సంస్థ. చుట్టూ ఎస్‌ఎస్ కాపలా. చాలా ఏళ్ల తరువాత గెరాన్ మళ్లీ ఒక సెట్లో నిలబడి ఇలా రండి, అలా నవ్వండి అని చెప్పాడు.

గంటన్నర సినిమాలో ఇప్పుడు దొరికే ముక్కలు 20 నిమిషాలకు కాస్త పైన. నేను వాటిని ఒక రాత్రి కూర్చుని చూశాను. ఒక పెద్ద భవనం లోపలి పెరట్లో ఫుట్‌బాల్ ఆట, చుట్టూ అంతస్తుల్లో వేలాడుతున్నట్టు జనం. కూరగాయల మడికి నీళ్లు పోస్తున్న ఆడవాళ్లు. పుస్తకం తిరగేస్తున్న ముసలాయన. ఒక బల్ల చుట్టూ పిల్లలు వెన్న రాసిన రొట్టె తింటున్నారు. అక్కడ ఆపి మళ్లీ చూశాను. కెమెరా కోసం తినే పిల్లలు ఒక కొరుకు కొరికి నవ్వుతారు, సినిమాల్లో చూస్తుంటాం. వీళ్లు నవ్వడం మరిచిపోయారు. రెండు చేతులతో పట్టుకుని, తల దించుకుని, గబగబా నములుతున్నారు. దర్శకుడు కట్ చెప్పేలోపు తినెయ్యాలన్నంత తొందర.

'బ్రుండిబార్' అనే పిల్లల ఒపెరా ముక్క కూడా ఉంది. సంగీతం హాన్స్ క్రాసా అనే ఖైదీది. పిల్లలు వరసగా నిలబడి గొంతు చించుకుని పాడతారు, కళ్లు మెరుస్తుంటాయి. ఆ అక్టోబరులోనే క్రాసానూ, ఆ పిల్లల్లో చాలామందినీ ఆష్‌విట్జ్ రైలెక్కించారు. సినిమాలో ప్రసంగం ఇస్తూ కనపడే యూదు మండలి పెద్ద పాల్ ఎప్‌స్టైన్‌ను సెప్టెంబరు 27న కాల్చి చంపారు. మర్నాటి నుంచి నెలలోపు 11 రైళ్లలో 18,000 మందికి పైగా పంపేశారు. చివరి రైలు అక్టోబరు 28న కదిలింది. అందులో కుర్ట్, ఓల్గా ఉన్నారు. తను తీసిన సినిమా ఎడిటింగు కూడా ఆయన చూడలేదు. ఆష్‌విట్జ్‌లో గ్యాస్ గదులు ఆ తరువాత కొద్ది రోజులకే, నవంబరు మొదట్లో ఆగిపోయాయి.

గెరాన్ పేరు ఎత్తితే చాలు, అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. ఆ సినిమా ఎందుకు తీశాడు? హంతకుల అబద్ధానికి తన కళ ఎందుకు అరువిచ్చాడు? తోటి ఖైదీల్లోనే ఆయన్ని క్షమించనివాళ్లున్నారు. వాళ్లకా హక్కుంది. ఆ నేల మీద ఆకలి పడ్డవాళ్లకు ఏం అనడానికైనా హక్కుంది. కానీ కడుపు నిండా అన్నం తిని, ఫ్యాను కింద కూర్చుని, పుస్తకం మూసి 'ఛ, ఒప్పుకోకుండా ఉండాల్సింది' అనే హక్కు నాకు లేదు. మీకూ లేదు. కాదంటే భార్య ముందు రైలెక్కుతుందని తెలిసిన మనిషికి మిగిలింది ఎంపిక అనిపించుకోదు.

1944లో గెరాన్ ఎందుకు తలొగ్గాడని ఎనభై ఏళ్లుగా అడుగుతున్నాం. 1933లో మిగతావాళ్లు ఎందుకు తలొగ్గారని ఎందుకు అడగం? చుట్టూ గోడ కట్టేశాక లోపల చిక్కుకున్నవాణ్ని నిలదీస్తాం. గోడకు ఇటుకలు అందించినవాళ్లను, అందిస్తుంటే చూస్తూ నిలబడ్డవాళ్లను వదిలేస్తాం. ఎందుకంటే ఆ ప్రశ్న తిరిగి మన మీదికి వస్తుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. దానికీ దీనికీ పోలిక లేదు, పోలిక తేవడం చచ్చిపోయినవాళ్లకు అవమానం. అయినా చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకుండదు. ఇరవై ఏళ్ల కింద నేను పనిచేసిన ఒకచోట మాతో కూర్చునే ఒకాయన ఒక సోమవారం రాలేదు. తీసేశారన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరమూ అడగలేదు. ఆయన గురించి ఒక పుకారు నాలుగు రోజులుగా నడుస్తోంది. అది అబద్ధమని నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజు ఆయనతో ఉన్నది నేనే. వారం తరువాత కిటికీ పక్కనున్న ఆయన కుర్చీ నాకిచ్చారు. వెలుతురు బాగుంటుందని సంతోషించాను కూడా. సొరుగు తీస్తే ఆయన మధ్యాహ్నం భోజనానికి వాడే స్టీలు స్పూను, సగం వాడిన మాత్రల అట్ట ఉన్నాయి. వాటిని ఒక కవరులో పెట్టి ఆఫీసు కుర్రాడికిచ్చి పంపాను. నేను వెళ్లలేదు.

అప్పుడు నేను ఒక్కమాట అనుంటే ఏమయ్యేది? ఏమీ కాకపోవచ్చు. ఇంకొకరు కూడా 'అవును' అనుండొచ్చు. నాకు తెలియదు, ఎందుకంటే అనలేదు.

అందుకే అడుగుతున్నాను, ముందు నన్ను, తరువాత మిమ్మల్ని. మనం పనిచేసే చోట, మనం ఉండే అపార్ట్‌మెంట్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో, మన కులసంఘాల్లో, మన పిల్లల స్కూలు మీటింగుల్లో ఒక మనిషి పేరు హఠాత్తుగా కనపడకుండా పోయినప్పుడు 'ఆయనేడీ?' అని పైకి, నలుగురికీ వినపడేట్టు అడుగుదాం. ఆయనకు ఇల్లు అద్దెకివ్వొద్దని ఎవరో అన్నప్పుడు, టైటిల్స్‌లోంచి ఆమె పేరు తీసేశారని తెలిసినప్పుడు, ఫలానావాళ్లంతా ఇంతేనని ఎవరో వీడియో పంపి మనం నవ్వుతామని ఎదురుచూస్తున్నప్పుడు, అదే మన మార్చి 29 అని గుర్తుపడదాం. ఖాళీ అయిన కుర్చీ మనకిస్తామంటే కూర్చునే ముందు అది ఎవరిదో, ఎందుకు ఖాళీ అయిందో తెలుసుకుందాం. వాళ్లింటికి స్వయంగా వెళ్దాం, మనిషి చేత కవరు పంపకుండా.

'మనకెందుకొచ్చిన గొడవ' అనే మాట మన నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పిల్లలకు ఉగ్గుపాలతో పట్టిస్తాం. మంచివాడని పేరు తెచ్చుకోవడానికి అది చాలా ఉపయోగపడుతుంది. ఉఫాలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కూడా మంచివాళ్లన్న పేరే ఉండి ఉంటుంది.

తరువాత ఏడవడం తేలిక. యోఆకిమ్ గాట్‌షాల్క్ అని గెరాన్ తరువాతి తరం హీరో. ఆడపిల్లలు ఆయన ఫొటోలు దాచుకునేవారు. భార్య మెటా యూదు నటి. విడాకులివ్వమని గోబెల్స్ ఒత్తిడి తెచ్చాడు. ఇవ్వనన్నాడు. భార్యను, ఎనిమిదేళ్ల కొడుకును తీసుకుపోతారని తేలిపోయాక, 1941 నవంబరు 6న ముగ్గురూ కలిసి ప్రాణాలు విడిచారు. యుద్ధం ముగిశాక 1947లో కుర్ట్ మేట్‌జిగ్ ఆ కథనే 'ఎహె ఇమ్ షాటెన్' అనే సినిమాగా తీశాడు. మేట్‌జిగ్ తల్లి కూడా యూదు కావడం వల్లే ప్రాణం తీసుకుంది. బెర్లిన్ నాలుగు ముక్కలుగా ఉన్న రోజుల్లో ఆ సినిమా నాలుగు ముక్కల్లోనూ ఒకే రోజు విడుదలైంది. కోటి మందికి పైగా చూశారు, హాళ్లలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. గాట్‌షాల్క్ సమాధి దగ్గరికి వెళ్లొద్దన్న హెచ్చరికను లెక్కచేయక 1941 నవంబరులో వెళ్లినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్రిగిట్టె హోర్నై, గుస్తావ్ క్నూట్, హాన్స్ బ్రావ్‌జెవెట్టర్, ఇంకా కొందరు. అందరూ జనానికి తెలిసిన మొహాలే, అందరికీ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది. వెళ్లారు, నిలబడ్డారు, తిరిగొచ్చారు. వాళ్లను ఎవరూ చంపలేదు.

ఆ నాటకశాల గురించి మళ్లీ చెప్తానన్నాను కదా. ఆమ్‌స్టర్‌డామ్‌లో గెరాన్ ఆడిన ఆ షౌబుర్గ్‌కు ఎదురుగా, రోడ్డుకు అవతల ఒక శిశుసదనం ఉండేది. పెద్దవాళ్లను నాటకశాలలో కుక్కి, చిన్నపిల్లల్ని అక్కడ ఉంచేవారు. సదనాన్ని నడిపే హెన్రియెట్టె పిమెంటెల్, నాటకశాలలో లెక్కలు చూసే వాల్టర్ జూస్కిండ్, పక్కనున్న టీచర్ల శిక్షణ కాలేజీ ప్రిన్సిపాల్ యోహాన్ ఫాన్ హుల్స్ట్, ఇంకా చదువుకునే కుర్రవాళ్లు, ఆయాలు కలిసి పిల్లల్ని ఒక్కొక్కరిగా బయటికి దాటించారు. జూస్కిండ్ జాబితాలోంచి పేరు మాయం చేసేవాడు. పెరటి కంచె మీంచి పసిపిల్లల్ని కాలేజీ వైపు అందించేవారు. బుట్టల్లో, సంచుల్లో పెట్టి మోసుకుపోయేవారు. అలా సుమారు 600 మంది పిల్లలు బతికారు. పిమెంటెల్ ఆష్‌విట్జ్‌లో చనిపోయింది. జూస్కిండ్ కూడా యుద్ధం ముగిసేదాకా బతకలేదు.

కాపలావాళ్లు ఎదురుగా నాటకశాల గుమ్మంలో నిలబడి ఉండేవారు. అందుకని సదనంలోని ఆయమ్మ పిల్లను ఎత్తుకుని తలుపు వెనక నిలబడి ట్రామ్ కోసం కాచుకునేది. ట్రామ్ వచ్చి రెండు భవనాలకూ మధ్య ఆగగానే కాపలావాళ్లకు ఇటువైపు కనపడదు. అదే అదనుగా బయటికొచ్చి, ట్రామ్ చాటున నడుస్తూ మూల దాకా వెళ్లి ఎక్కేసేది. కాపలావాళ్లకు కనపడకపోయినా, ట్రామ్ కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లకు అన్నీ కనపడతాయి. ఆ ఇల్లేమిటో ఊళ్లో అందరికీ తెలుసు. ఒగరుస్తూ ఎక్కిన పిల్ల ఆయా, చేతిలో బిడ్డ, బిడ్డకు సరిపోని పెద్ద కోటు. కండక్టరు టిక్కెట్టు కొట్టి ఇచ్చేవాడు. ఒకరు జరిగి చోటిచ్చేవారు. ట్రామ్ గంట కొట్టుకుంటూ కదిలేది.